అల్లుడుగారు వచ్చిన చలికాలం

ఆ చలికాలం మా ఇంట్లోకి ఒక ముళ్ళ బంతి వచ్చింది. దాన్ని తెచ్చింది నాన్న. నా అయోమయం అక్కడే మొదలైంది.

నాన్నకు జంతువులతో పొసగదు. గేటు ముందు పిల్లి పడుకుని ఉంటే, అది తనంతట తాను లేచి వెళ్ళేదాకా సంచీ పట్టుకుని వీధిలోనే నిలబడే మనిషి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు కుందేలు కావాలని రెండు పూటలు అన్నం మానేస్తే, మూడో పూటకు బొమ్మల నిఘంటువు తెచ్చి, కుందేలు ఉన్న పేజీ తీసి నా ముందు పెట్టాడు. ఇరవై ఏడేళ్ళుగా ఒకే ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నవాడు కదా, లోకంలో ఉన్నవన్నీ కాగితం మీద దొరుకుతాయని ఆయన నమ్మకం. అలాంటి నాన్న, చలి ముదురుతున్న ఒక సాయంత్రం, అట్టపెట్టె ఒకటి గుండెకు ఆనించుకుని వచ్చి, వంటింటి గడప దగ్గర దించి, "ఇది నీకు" అన్నాడు.

పెట్టెలో గుడ్డ పీలికలు, వాటి మధ్య నారింజకాయంత ముళ్ళ ముద్ద. వేలు పెట్టబోయాను. అది బుస్సుమంటూ ఉన్నచోటే ఎగిరిపడింది. నేను వెనక్కి తూలి పిండిడబ్బా మీద కూలబడ్డాను.

అమ్మ పొయ్యి దగ్గర్నుంచే వంగి చూసి, ముళ్ళపందిపిల్ల మనకెందుకండీ అని అడిగింది. నాన్న, ముళ్ళున్నవన్నీ ముళ్ళపందులు కావన్నాడు. రెంటికీ చుట్టరికమే లేదనీ, దీన్ని హెడ్జ్‌హాగ్ అంటారనీ, మన భాషలో సరైన మాట కోసం వెతికినా దొరకలేదనీ చెప్పాడు. మాట దొరకనందుకు నిజంగానే బాధపడుతున్నట్టు కనిపించాడు. ఎక్కడిదని అడిగితే, ప్రెస్సులో ఒకాయన ఊరు మారుతూ ఇచ్చాడట. ఎందుకు తెచ్చారంటే, చిన్నప్పుడు ఇది కుందేలు అడిగింది కదా అని నన్ను చూపించాడు.

"అడిగి పదిహేనేళ్ళయింది," అంది అమ్మ.

నాన్న కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

నేనప్పుడు కట్టుడు పళ్ళు తయారుచేసే చోట పనిచేసేదాన్ని. ప్లాస్టర్ అచ్చు మీద గులాబీ మైనం పరిచి, ఒక్కో పన్నూ వరసలో నిలబెట్టి, నోరు మూస్తే పైదీ కిందిదీ సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూడటం నా పని. మిల్లీమీటరు తేడా వస్తే వేసుకున్నవాళ్ళు అన్నం తినలేరు. చేతులకు ఓపిక బాగా ఉందనే అనుకునేదాన్ని. ఈ జీవం ముందు ఆ ఓపిక మూడు రోజులకే చాలింది. పలకరిస్తే ముడుచుకుంటుంది. బతిమాలితే బుస్సుమంటుంది. పోనీలే అని వదిలేస్తే గిన్నె తిరగేసి గోల చేస్తుంది. వారం పాటు చూసి చూసి, పిల్లకి సంబంధమే కుదరలేదు గానీ అల్లుడు మాత్రం ముందే వచ్చి అలిగి కూర్చున్నాడని అమ్మ అంది. అప్పటినుంచి దాని పేరు అల్లుడుగారు. మర్యాదకు మేమెవరం లోటు రానివ్వలేదు. అల్లుడుగారు లేచారా, అల్లుడుగారు భోంచేశారా అనే అడిగేవాళ్ళం.

ఎలా చూసుకోవాలో నాన్నే చెప్పాడు. బట్టలు నానబెట్టే పెద్ద ప్లాస్టిక్ తొట్టి దానికి ఇల్లు. ఒక మూల బోర్లించిన చెప్పుల డబ్బాకు గుమ్మం కోసి పడకగది చేయాలి. అడుగున రంపప్పొట్టులాంటి చెక్క తురుము పరవాలి. పైన బల్బు వేలాడదీసి పగలూ రాత్రీ వెచ్చగా ఉంచాలి. పాలు పోయకూడదు, పడవు. పిల్లులకు పెట్టే పొడి మేత పొద్దుగూకాక ఒక చెంచాడు చాలు. నా పాత బనీను ఒకటి దాని పక్కన పడేస్తే వాసన అలవాటవుతుంది. పైనుంచి చెయ్యి దించితే గద్ద అనుకుంటుంది కాబట్టి కిందినుంచి దోసిలితో ఎత్తాలి.

ఇవన్నీ నీకెలా తెలుసు నాన్నా అని అడిగాను. ఈ మధ్య ఒక పుస్తకం ప్రూఫ్ చూశానన్నాడు. అయితే అది తెచ్చిపెట్టమన్నాను. అచ్చయ్యాక తెస్తానన్నాడు.

పిచ్చి ప్రశ్నలు నాలో అప్పుడే పుట్టుకురావడం మొదలైంది. ప్రెస్సు నుంచి చిత్తు కాగితాలు తెస్తే తొట్టిలో పరవొచ్చు కదా, చిన్నప్పటినుంచి మా ఇంట్లో సరుకుల చీటీ దగ్గర్నుంచి అన్నీ ప్రూఫుల వెనకే రాసుకున్నాం కదా అంటే, సిరా వాసన దానికి మంచిది కాదన్నాడు. నిజమే కావచ్చు. కానీ నాన్న ఒంటి మీద కూడా ఈ మధ్య సిరా వాసన లేదు. చొక్కా ఉతకడానికి నానబెడుతుంటే ఏదో గింజల వాసన, తడి గడ్డి వాసన వస్తోంది. మోచేతి మీద సన్నటి గీతలు. సెల్‌ఫోన్ ఇంట్లోనే వదిలి వెళ్తున్నాడు, పనిలో ధ్యాస చెడుతోందట. విడివిడిగా దేనికీ అనుమానపడటానికి లేదు. అన్నీ కలిపి చూస్తే ఏమవుతుందో నాకు అంతుబట్టలేదు.

ఒక సాయంత్రం పని నుంచి రాగానే చేతులు కడుక్కోకుండా అల్లుడుగారిని ఎత్తాను. నా వేళ్ళు ఆబగా వాసన చూశాడు, నాకాడు. ఉన్నట్టుండి నోట్లోంచి తెల్లటి నురగ. మెడ వెనక్కి మెలితిప్పి, ఆ నురగంతా నాలుకతో తన వీపు ముళ్ళకు పూసుకోవడం మొదలుపెట్టాడు. కళ్ళు తేలేశాడు. పిచ్చెక్కిందనో విషం తిన్నదనో కేకలు పెట్టాను. నాన్న వచ్చి చూసి, నా పక్కనే నేల మీద చతికిలబడ్డాడు.

కొత్త వాసన తగిలితే అలాగే చేస్తుందట. ఆ వాసనను నమిలి, నురగ చేసి, ఒంటికి పట్టించుకుంటుందట. ఎందుకో ఎవరికీ సరిగ్గా తెలియదట.

"నీ మైనం వాసన బాగా నచ్చినట్టుంది," అన్నాడు నాన్న. "కంగారుపడకు. మొదటిసారి చూసినప్పుడు నేనూ హడలిపోయాను."

ఎక్కడ చూశాడో నేను అడగలేదు. పుస్తకంలో చూసి ఎవరూ హడలిపోరని నాకు తట్టింది మర్నాడు పళ్ళు నిలబెడుతున్నప్పుడు. ఆ పూట రెండు కోరపళ్ళు తారుమారు చేశాను.

అమ్మ ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటర్. అమ్మకు రెండు గొంతులు. ఒకటి ఇంట్లోది, రెండోది ఫోన్‌ది. ఫోన్ గొంతు నున్నగా, ఎత్తుపల్లాలు లేకుండా ఉంటుంది. అవతలివాళ్ళు ఏడుస్తున్నా అరుస్తున్నా అది మారదు. ఆ చలికాలం అమ్మ నాన్నతో ఫోన్ గొంతుతో మాట్లాడుతోందని నాకు అనిపించేది. ప్రెస్సులో పని ఎలా ఉందండీ అనేది. ఫరవాలేదనేవాడు. అలాగేనండీ అనేది. లైను కలిపి పక్కకు తప్పుకున్నట్టు ఉండేది.

చలి బాగా ముదిరిన రోజుల్లో ఒకరోజు పొద్దుటి నుంచి కరెంటు లేదు. నేను అయిదింటికి ఇంటికొచ్చేసరికి ఇల్లంతా మంచుగడ్డలా ఉంది. తొట్టి మీద బల్బు చల్లగా వేలాడుతోంది. డబ్బా ఎత్తి చూస్తే అల్లుడుగారు బిగుసుకుపోయి ఉన్నాడు. తట్టాను. బుస్సుమనలేదు. ముళ్ళు లేవలేదు. చేతిలోకి తీసుకుంటే గులకరాయిలా చల్లగా తగిలాడు.

అమ్మకు సాయంత్రం డ్యూటీ. ఆసుపత్రి లైను రోగులది, సొంత పనులకు చెయ్యకూడదు. నాన్న సెల్‌ఫోన్ అలమరలోనే ఉంది. అమ్మ డైరీ తీసి ప్రెస్సు నంబరుకు చేశాను. ఈ నంబరు వాడుకలో లేదని వచ్చింది. తప్పు నొక్కానేమోనని ఒక్కో అంకే వేలు పెట్టి చూసుకుంటూ మళ్ళీ చేశాను. మళ్ళీ అదే మాట. డైరీలో ఆ పక్కనే బైండింగ్ చేసే మేస్త్రీ నంబరు ఉంటే చేశాను. ఆయన తాపీగా చెప్పాడు. ప్రెస్సు మూతపడి నాలుగు నెలలు దాటిందట. యంత్రాలు కూడా తూకానికి వెళ్ళిపోయాయట. మీ నాన్నగారు బాగున్నారా అమ్మా అని అడిగాడు.

బాగున్నారని ఫోన్ పెట్టేశాను. ఆలోచించడానికి కూడా వ్యవధి లేదు, చేతిలో ఉన్నది చచ్చిపోతోంది. మేత పొట్లం తిరగేస్తే, వెనక షాపు చిరునామా చీటీ అంటించి ఉంది. నాన్న కొనే చోటే కాబట్టి వాళ్ళకు తెలిసే ఉంటుందనుకున్నాను. అల్లుడుగారిని మఫ్లర్లో చుట్టి స్వెటర్ లోపల పొట్టకు ఆనించుకుని, రెండు బస్సులు మారి, వంతెన అవతలి పేటకు వెళ్ళాను. బస్సులో నా పక్కనావిడ నా పొట్ట చూసి లేచి కిటికీ సీటు ఇచ్చింది. కాదని చెప్పే ఓపిక లేక కూర్చున్నాను.

షాపు సన్నగా, పొడుగ్గా ఉంది. ముందు చేపల తొట్లు, ఆ వెనక పిట్టల పంజరాలు, చివర్న బోనుల వరస. గల్లాపెట్టె దగ్గర ముప్ఫయ్యేళ్ళ షాపాయన నా చేతిలోది చూడగానే మొహం అదోలా పెట్టి, తనకు తెలియదనీ, పెద్దాయనకైతే తెలుసనీ చెప్పి లోపలికి కేకేశాడు.

చివరి బోను ముందు వంగి ఊడుస్తున్న మనిషి నిటారుగా లేచి ఇటు తిరిగాడు. ఆకుపచ్చ ఏప్రాన్, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, మెడలో దారానికి వేలాడుతున్న ప్రూఫులు చూసే కళ్ళద్దాలు. నాన్న.

ఒక వాక్యం చదివేంతసేపు నన్ను చూశాడు.

"ఏమైందండీ?" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక నాన్న నన్ను అండీ అనడం అదే మొదటిసారి. షాపాయన మా ఇద్దరి మధ్యలో నిలబడి ఉన్నాడు.

"కదలడం లేదండీ," అన్నాను. నా నోట్లోంచి ఆ అండీ ఎలా వచ్చిందో నాకు తెలియదు.

నాన్న తొడుగులు తీసేసి, మఫ్లర్ విప్పి, అల్లుడుగారిని తిప్పి చూసి, చొక్కా గుండీలు రెండు విప్పి లోపల బొడ్డు పక్కన పెట్టుకున్నాడు. ముళ్ళు గుచ్చుకుంటున్నట్టు పెదవి బిగించాడే తప్ప చెయ్యి తియ్యలేదు. స్టూలు మీద కూర్చుని, నన్ను మేత బస్తా మీద కూర్చోమన్నాడు. చచ్చిపోలేదనీ, చలికి నిద్రలోకి జారుకుందనీ, ఈ జాతి అలా నిద్రపోతే లేవడం కష్టమనీ చెప్పాడు. ఒక్కసారిగా వేడి చేస్తే గుండె ఆగిపోతుంది, ఒంటి వేడి ఎంతో అంతే మెల్లగా ఎక్కాలన్నాడు. షాపాయన కాసేపు చూసి, ఎవరో చేపల కోసం వస్తే అటు వెళ్ళాడు. అయినా నాన్న అండీ మానలేదు.

"ఇంట్లో దీన్ని ఎవరు చూసుకుంటారండీ?"

"నేనూ మా నాన్నగారూనండీ."

"బల్బు ఒక్కదాన్నే నమ్ముకోకూడదని ఆయనకు చెప్పండి. కరెంటు పోతే వేడినీళ్ళ సీసా గుడ్డలో చుట్టి పెట్టాలి. ఇది ఆయన మీకు ముందే చెప్పి ఉండాల్సింది."

"ఆయనకు వేరే ఆలోచనలు ఉన్నాయేమోనండీ."

"ఉన్నా సరే," అన్నాడు నాన్న నేల చూస్తూ. "చెప్పాల్సింది."

ముప్పావుగంట అలాగే కూర్చున్నాం. నాకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. బోనుల మీద వేలాడదీసిన చీటీలు చదువుతూ ఉండిపోయాను. పిట్టల పేర్లు, చేపల పేర్లు, అన్నీ ఆయన చేతిరాతలో, ఒక్క తప్పు లేకుండా. ప్రతి చీటీ కిందా వాక్యం చివర చుక్క పెట్టి ఉంది.

చివరికి చొక్కా లోపల ఏదో కదిలింది. నాన్న మొహం వెలిగింది.

"కదిలిందమ్మా," అన్నాడు.

అమ్మా అని కూతుళ్ళనూ అంటారు, షాపుకొచ్చినవాళ్ళనూ అంటారు. ఆయన ఎవరిని అన్నాడో నాకు తెలియలేదు.

ఆ రోజు నాన్న ఎప్పటిలాగే ఎనిమిదింటికి ఇంటికొచ్చాడు, కాళ్ళు కడుక్కున్నాడు, అల్లుడుగారు ఎలా ఉన్నారని అడిగాడు. నేను జరిగిందంతా, అక్కడ లేనివాడికి చెప్పినట్టే చెప్పాను. షాపులో ఒక పెద్దాయన ఉన్నారనీ, చాలా ఓపికమంతుడనీ, బల్బును నమ్ముకోవద్దన్నారనీ. నాన్న శ్రద్ధగా విన్నాడు. మంచి మాట చెప్పాడన్నాడు. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన అమ్మ, మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కంచాలు పెట్టింది.

ఆయన ఎవరి నుంచి దాచాడు? వచ్చింది కూతురేనని షాపాయన నుంచా, తాను బోనులు కడుగుతున్నానని నా నుంచా, లేక ఆ స్టూలు మీద కూర్చున్నంతసేపూ తన నుంచేనా? నేను సాయపడ్డానా, అవమానించానా? ఇప్పటికీ నాకు తేలలేదు. నాలుగు రోజుల తర్వాత నాన్న పది పన్నెండు కాగితాలు దారంతో కుట్టి తెచ్చి ఇచ్చాడు. పుస్తకం అచ్చవడం ఆగిపోయింది, అందుకని చూసి రాసుకొచ్చానన్నాడు. మొదటి పేజీలోనే "కరెంటు పోయినప్పుడు" అని ఉంది. ఏ పుస్తకమూ అలా మొదలవదు. అలాగేనని తీసుకున్నాను.

ఇక దాచుకోలేక అమ్మతో చెబుదామనుకున్నాను. ఆదివారం మేడ మీద బట్టలు ఆరేస్తుంటే వెళ్ళి, ప్రెస్సు గురించి నీకో మాట చెప్పాలి అన్నాను. అమ్మ దుప్పటి రెండో కొస నా చేతికిచ్చి పిండమంది.

"ఫోన్లలో పనిచేసేదాన్ని," అంది పిండుతూ. "ఏ నంబరు ఎప్పుడు మూగబోయిందో నాకు తెలియదా?"

నాలుగు నెలల కిందటే తెలుసట. ఒక మధ్యాహ్నం నాన్నకు చెయ్యబోతే నంబరు పలకలేదట. ఆ సాయంత్రం ఆయన ఎప్పటి వేళకే వచ్చి, పని బాగానే ఉందన్నాడట. ఎక్కడికి వెళ్తున్నాడో మాత్రం తెలియదట. నేను చెప్పాను. పిట్టలూ చేపలూ బోనులూ అన్నీ చెప్పాను. అమ్మ దుప్పటి పిండటం ఆపేసింది.

"మరి నువ్వెందుకు అడగలేదమ్మా?"

"అడిగితే చెప్పాల్సొస్తుంది కదా ఆయన," అంది. అది ఫోన్ గొంతు కాదు.

తర్వాత నెల రోజులు ముగ్గురం ఆ ఇంట్లో అలాగే తిరిగాం. నాకు తెలుసని నాన్నకు తెలుసు. అమ్మకు తెలుసని నాకు తెలుసు. అమ్మకు తెలుసని నాన్నకు తెలుసో లేదో మాత్రం తెలియదు. భోజనాల దగ్గర మాట జారకుండా చూసుకోలేక నా తలప్రాణం తోకకొచ్చేది. ముగ్గురం కలిసి అల్లుడుగారి గురించే మాట్లాడుకునేవాళ్ళం. ఆయనగారు ఒకరోజు అమ్మ ఒళ్ళో ముడుచుకోకుండా పొట్ట చూపిస్తూ పడుకున్నారు. ఆ పొట్ట తెల్లగా, మెత్తగా, ముళ్ళున్న జీవానిది కానట్టుగా ఉంది. అమ్మ కాలు తిమ్మిరెక్కినా గంటసేపు కదల్లేదు.

చలి తగ్గుముఖం పట్టాక, అమ్మకూ నాకూ సెలవున్న ఒక రోజు పొద్దున, అమ్మ నాన్న టిఫిన్ బాక్సు సర్ది, దాన్ని గిన్నెల స్టాండు వెనక పెట్టింది. పెట్టడం నేను చూశాను. నాన్న కాసేపు వెతికి, వేళ మించిపోతోందని వెళ్ళిపోయాడు. ఆయన వీధి మలుపు తిరిగాక అమ్మ బాక్సు బయటికి తీసి, తల దువ్వుకుని, ఆ షాపు ఎక్కడో చూపించమంది. రెండు బస్సుల్లోనూ బాక్సును ఒళ్ళో నిటారుగా పట్టుకుంది.

షాపాయన లేచి ఏం కావాలి మేడమ్ అని అడిగాడు.

"మావారు బాక్సు మర్చిపోయొచ్చారు. ఇద్దామని," అంది అమ్మ.

ఈవిడ వాళ్ళాయన ఎవరా అని షాపాయన షాపంతా కలయజూశాడు. అప్పుడే నాన్న పంజరం ఒకటి పట్టుకుని వెనకనుంచి వచ్చాడు. మమ్మల్ని చూసి ఆగాడు. పంజరంలో పిట్టలు గోలగోలగా అరుస్తున్నాయి. నాన్న పంజరాన్ని జాగ్రత్తగా కొక్కేనికి తగిలించి, చేతులు ఏప్రాన్‌కు తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుని, వచ్చి బాక్సు అందుకున్నాడు.

"మా ఆవిడ," అన్నాడు షాపాయనతో.

షాపాయన నమస్కారం పెట్టి, నన్ను గుర్తుపట్టాడు. ఈ మేడమ్ మన ముళ్ళదాన్ని తెచ్చినావిడ కదా అన్నాడు. అవును, మా అమ్మాయే అన్నాడు నాన్న.

"మరి ఆ రోజు అండీ అండీ అన్నారేంటి పెద్దాయనా?"

నాన్న కాస్త ఆలోచించాడు. "ఆ రోజు కస్టమరుగా వచ్చింది," అన్నాడు.

అర్థమైనట్టు షాపాయన తలూపాడు. ఆయనకేం అర్థమైందో మరి. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. నవ్వుతోందో ఏడుస్తోందో వెనకనుంచి తెలియలేదు. తిరిగి ఇటు చూసేసరికి మొహం మామూలుగానే ఉంది.

తర్వాత అమ్మ మొదటి తొట్టి దగ్గరకు వెళ్ళి ఇదేంటని అడిగింది. నాన్న చెప్పాడు. రెండోదాని దగ్గర అడిగింది, చెప్పాడు. ఇది ఏం తింటుంది, ఇది రాత్రిళ్ళు పడుకుంటుందా, దీన్ని మీరే కడుగుతారా, ఇది కరుస్తుందా అని ఒక్కోదాని ముందూ నిలబడి అడుగుతూనే ఉంది. నాన్న మొదట ముక్తసరిగా, తర్వాత తర్వాత చేతులు తిప్పుతూ చెప్పుకుపోయాడు. అయిదు నెలలుగా పని ఎలా ఉందంటే ఫరవాలేదన్న మనిషి, ఒక్క చిలక గురించే పది నిమిషాలు మాట్లాడాడు. నేను వెనకాల నడిచాను.

చిట్టచివర ఒక బోను ఖాళీగా ఉంది, శుభ్రంగా కడిగి తలుపు తెరిచిపెట్టి.

"ఇందులో ఏముంటుంది?" అంది అమ్మ.

ముట్టుకోనివ్వడం లేదని ముగ్గురు కొని ముగ్గురూ తిరిగిచ్చేశారని, ఇంకెవరూ తీసుకోరని, షాపాయన పారేస్తానంటే తాను అడిగి తీసుకున్నానని నాన్న చెప్పాడు.

"ఇందులోది మనింట్లో ఉంది," అన్నాడు.

అమ్మ ఆ ఖాళీ బోనును కాసేపు చూసింది. తర్వాత, అన్నం చల్లారిపోతోంది, ముందు చేతులు కడుక్కుని రమ్మంది.